పుష్కరానికో రంగు

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. 1992 కృష్ణా పుష్కరాల్లో దుర్గాఘాట్ మెట్ల మీద తీశాను. మునిగి లేచిన పెద్దాయన పంచె కొంగు పిండుకుంటున్నాడు. పిండిన నీళ్ళు సన్నటి ధారగా మెట్టు మీదికి జారుతున్నాయి. వెనకాల ప్రకాశం బ్యారేజీ గేట్లు బారులు తీరి ఉన్నాయి. పైన ఆకాశం తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఈ ఒక్క బొమ్మని ముప్పై ఏళ్ళలో నాలుగుసార్లు ‘బాగు’ చేశాను. 2005లో స్కాన్ చేయించి ఆకాశానికి కాషాయం పూశాను, అంచులు నల్లబరిచాను, కుడి మూలన నా పేరు పసుప్పచ్చ అక్షరాల్లో కొట్టాను. 2012లో పెద్దాయన ఒంటి మీద ప్రతి ముడతా, మెట్టు మీద ప్రతి పగులూ లేచి నుంచునేట్టు చేశాను. 2017లో రంగంతా పీకేసి నలుపు తెలుపు చేసి, కంప్యూటర్లో గ్రెయిన్ తెచ్చి కలిపాను. ఫిల్మ్ మీద తీసిన బొమ్మకి ఫిల్ములా కనపడాలని దొంగ గ్రెయిన్ కలపడం ఎంత తెలివైన పనో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. 2023లో మళ్ళీ తీసి, దుమ్ము చుక్కలు తుడిచి, ఆకాశాన్ని తెల్లగానే వదిలేశాను. నాలుగూ పక్కపక్కన పెడితే ఒకే మనిషి చేసినవంటే ఎవరూ నమ్మరు.

విజయవాడలో సరదాకి కెమెరా పట్టేవాళ్ళు నలుగురు కలిస్తే ఈ సంగతి రాకుండా ఉండదు. పొద్దున్నే సీతానగరం వైపు కలిసినా, సాయంత్రం బ్యారేజీ మీద కలిసినా ఎవరో ఒకరు ఫోన్లో పాత ఫొటో తీసి, “ఇట్టా చేసేవాణ్ణంటే నాకే సిగ్గేస్తోంది” అంటారు. ఎందుకు మారుతుందీ చేయి? మామూలుగా వినపడే జవాబులు రెండు. మొదటిది పెద్దరికం జవాబు: కొత్తలో ఎవడైనా ఉప్పూ కారం ఎక్కువే వేస్తాడు, వండగా వండగా చేయి కుదురుతుంది. రెండోది పరికరం జవాబు: ఫిల్మ్ పోయి డిజిటల్ వచ్చింది, కంప్యూటర్ పోయి ఫోను వచ్చింది, సాఫ్ట్‌వేర్ ఏం చేయనిస్తే మనం అది చేశాం. రెండింట్లోనూ నిజముంది. కానీ నా బొమ్మల్నీ, నాతో తిరిగినవాళ్ళ బొమ్మల్నీ ఏళ్ళవారీగా పరిచి చూసినప్పుడు ఆ రెండూ చాలలేదు. దాదాపు ప్రతి మలుపులోనూ ముందు మారింది చూపించే చోటు. ఫొటో ఎవరి కళ్ళ ముందు పడబోతోందో తెలిశాక చేయి దానికి తగ్గట్టు సర్దుకుంది.

కృష్ణకి పన్నెండేళ్ళకోసారి పుష్కరం. 1992, 2004, 2016. ఈ కథ చెప్పడానికి బెజవాడ వాడికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. అదే నది, అవే మెట్లు, మధ్యలో పన్నెండేసి ఏళ్ళు. కాకతాళీయమే గానీ తేదీలు కూడా భలే కలిశాయి. 1992 సెప్టెంబరులో జేపెగ్ ప్రమాణం ఖాయమైంది. ఇవాళ మన ఫోన్లలో తిరిగే ఫొటోల్లో చాలా భాగం ఆ పద్ధతిలో కుదించినవే. 2004 జనవరిలో ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫ్లికర్, సెప్టెంబరులో వికీమీడియా కామన్స్ మొదలయ్యాయి. 2016 పుష్కరాలు ఆగస్టు 12న మొదలైతే, పది రోజుల ముందు ఇన్‌స్టాగ్రామ్ ‘స్టోరీస్’ తెచ్చింది; ఘాట్లు ఖాళీ అయిన రెండు వారాలకి, సెప్టెంబరు 5న, జియో వచ్చింది.

1992లో నా చేతిలో ఉన్నది అరువు తెచ్చిన యాషికా కెమెరా. పన్నెండు రోజులకి రెండు రోళ్ళు, అంటే 72 బొమ్మలు. గవర్నరుపేటలో ఒక ల్యాబ్‌కి ఇస్తే కడిగి, పోస్టుకార్డు సైజులో ప్రింట్లు వేసిచ్చారు. రంగు ఎంతుండాలో మిషను దగ్గర కూర్చున్న కుర్రాడి ఇష్టం. ఎడిటింగ్ అనే మాట అప్పట్లో సినిమావాళ్ళది, పత్రికలవాళ్ళది. ఫొటోకి మేమెరిగిన మాట ‘టచింగ్’. అది స్టూడియో పని. అంతకు ముందు తరంలో స్టూడియో ఆయన నెగెటివ్ మీద సన్నటి పెన్సిలు మొనతో పొడిచి పొడిచి మొటిమలు మాయం చేసేవాడు, నలుపు తెలుపు పెళ్ళి ఫొటోకి బ్రష్షుతో చీర రంగూ పెదాల ఎరుపూ దిద్దేవాడు. ఫొటోషాప్ 1990లో పుట్టింది కాబట్టి అంతకు ముందు ఫొటోలన్నీ సత్యహరిశ్చంద్రులని అనుకునేవాళ్ళు మన అమ్మమ్మల పెళ్ళి ఫొటోలు ఒకసారి వెలుతుర్లో పెట్టి చూడాలి.

ఆ 72 బొమ్మలు ఎవరు చూశారు? ఇంటికొచ్చిన చుట్టాలు. కాఫీ గ్లాసుతో పాటు ఆల్బమ్ చేతికొచ్చేది. పారదర్శకంగా ఉండే కాగితం లేపి, జిగురు మీద ఫొటో అతికించి, మళ్ళీ కాగితం మూసే ఆల్బమ్ అది. ఇప్పుడా కాగితం లేపితే ఫొటో కూడా లేచొస్తుంది; రంగులన్నీ ఎరుపు వైపు ఒరిగిపోయాయి. చుట్టాలకి కావాల్సింది మొహాలు. “ఇది మీ చిన్నత్త కదూ, పక్కన ఎవరు?” అనే ప్రశ్నకి ఆకాశం రంగుతో పని లేదు. అందుకే పెద్దాయన బొమ్మ దగ్గర ఎవరూ ఆగలేదు. మా నాన్న మాత్రం, “ఎవరో తెలియనాయన ఫొటోకి రోలు తగలేశావు” అన్నాడు.

అదే కాలంలో మరో దారి కూడా ఉంది, సెలూన్ దారి. క్షవరం సెలూన్ అనుకుని నవ్వినవాళ్ళని నేనెరుగుదును. 1953లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ లాంటి సంస్థల గుర్తింపుతో జరిగే పోటీ ప్రదర్శనలు ఇవి. పెద్ద ప్రింట్లు అట్టల మధ్య కట్టి, పార్సిలు చేసి పంపేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు ప్రింటు వెనక ఒక స్టిక్కరు ఉంటే ‘యాక్సెప్టెన్స్’ వచ్చినట్టు. ఆ దారిలో నడిచినవాళ్ళు డార్క్‌రూములో ఎర్రలైటు కింద చేతులు అడ్డం పెట్టి కొంత భాగం లేతగా, చిల్లు అట్టతో కొంత భాగం ముదురుగా చేసేవాళ్ళు. చూసేది జ్యూరీ, ఒక్కో ప్రింటుకి దక్కేది కొన్ని సెకన్లు. కాబట్టి ఒకే వస్తువు, వెనక చీకటి, పక్క నుంచి వెలుగు. ఆ పద్ధతికి అలవాటుపడిన చేయి ఇంటి ఆల్బమ్‌కి వేసే ప్రింటులో కూడా అమ్మ మొహం సగం చీకట్లో పెట్టేస్తుంది. ఒకే ఊళ్ళో, ఒకే ఫిల్ముతో, ఒకే సంవత్సరంలో రెండు శైలులు. పరికరం జవాబు నాకు సరిపోలేదన్నది ఇక్కడే.

2004 పుష్కరాలకి చేతిలో ఇంకా ఫిల్మే. కానీ నెగెటివ్‌లు స్కాన్ చేసి సీడీలో ఇచ్చేవాళ్ళు. ఆ సీడీ పట్టుకుని నెట్ సెంటర్‌కి పరిగెత్తడం, ఒక్కో ఫొటో ఎక్కే దాకా గీత కదలడం చూస్తూ కూర్చోవడం మా తరం తపస్సు. ఫ్లికర్లో మొట్టమొదట బ్రెజిల్ నుంచో ఎక్కడి నుంచో ఒకరు నా బొమ్మ కింద “బ్యూటిఫుల్” అని రాసిన రోజు నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను. ఎవరో తెలియనాయన ఫొటోని, ఎవరో తెలియనివాళ్ళు మెచ్చుకున్నారు.

చేయి మారింది అక్కడే. ఫ్లికర్లో, ఆర్కుట్‌లో బొమ్మ ముందు బొటనవేలంత కనపడుతుంది. చుట్టూ అలాంటివే ఇరవై. చూసేవాడు నొక్కి పెద్దది చేసుకోవాలంటే ఆ చిన్న గడిలోంచే అది కేక పెట్టాలి. లేత రంగులు, పొగమంచు, తెల్ల ఆకాశం ఆ సైజులో కనపడనే కనపడవు. కాంట్రాస్ట్ పెంచితే కనపడుతుంది, కాషాయం పూస్తే ఇంకా కనపడుతుంది. సాచురేషన్ స్లైడరు కుడికి జరగడం వెనక అనుభవలేమి కొంత, ఆ గడి కొలత చాలా. మన పక్క ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. మేం పెరిగిన గోడల మీద బొమ్మలేవి? లక్ష్మీదేవి క్యాలెండరు, గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు వాల్ పోస్టర్లు. గులాబీ, ఆకుపచ్చ, బంగారం పక్కపక్కన పడితే కంటికి పండగ. ఆ కళ్ళతో పెరిగినవాడికి వెల్వియా రంగులు (ఫ్యూజీ వాళ్ళు 1990లో తెచ్చిన స్లైడ్ ఫిల్మ్, గడ్డిని చూపిస్తే పచ్చలు పొదిగేది) అతిగా ఎందుకనిపిస్తాయి?

తరవాత హెచ్‌డీఆర్ జ్వరం. ఒకే దృశ్యాన్ని మూడు ఎక్స్‌పోజర్లలో తీసి, మూడూ కలిపి, నీడల్లోనూ వెలుగులోనూ వివరం పైకి లాగడం దాని సూత్రం. హద్దులో ఉంటే మంచి సూత్రమే. మేం హద్దు పెట్టుకోలేదు. 2008 నుంచి ఓ నాలుగైదేళ్ళు మేమందరం తీసిన ఇంద్రకీలాద్రి చుట్టూ తెల్లటి వెలుగు గీత ఉంటుంది, పటంలో దేవుడి తల వెనక ప్రభలా. భక్తి కాదది, టోన్ మ్యాపింగ్. కొండ అంచు దగ్గర సాఫ్ట్‌వేర్ తికమకపడితే అలా వస్తుంది. అప్పుడు మాలో ఒక్కరికీ అది తప్పుగా కనపడలేదంటే చూసేవాళ్ళు దాన్నే మెచ్చుకున్నారు కాబట్టి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆకాశం రంగు కాదు, మనుషుల రంగు. డెల్టాలో పొలంలో పని చేసేవాళ్ళు నల్లగా ఉంటారు. పామర్రు దగ్గర నాట్లు వేస్తున్న ఒకావిడ ఫొటో తీసి, మాటిచ్చిన ప్రకారం నెల తరవాత ప్రింటు పట్టుకెళ్ళాను. మోకాళ్ళ దాకా బురద, చంకలో నారు కట్ట, మొహం మీద చెమట. నాకు గర్వంగా ఉన్న బొమ్మ. ఆవిడ చూసి, పక్కావిడకి చూపించి, మళ్ళీ నాకే ఇచ్చింది. “నన్నింత నల్లగా తీశావేందయ్యా? మా మనవరాలి ఓణీల ఫంక్షన్లో ఫొటోలాయన నన్ను ఎంత బాగా తీశాడో!” ఆ ఆల్బమ్ కూడా తెప్పించి చూపించింది. అందులో ఆవిడ మొహం పిండిబొమ్మలా తెల్లగా, ముక్కు గీత కూడా చెరిగిపోయి ఉంది. ఆవిడకి నచ్చింది అదే.

నాకు ఫంక్షన్ల ఫొటోగ్రాఫరు మీద కోపం వచ్చింది. ఇంటికొచ్చి నా ఫైలు తెరిచి చూసుకున్నాక తగ్గింది. నేనూ ఆవిణ్ణి ఉన్నట్టు వదల్లేదు. ‘స్ట్రక్చర్’, ‘క్లారిటీ’ స్లైడర్లు పెంచి ప్రతి ముడతా తవ్వాను, చర్మాన్ని ఉన్నదానికంటే రెండు ఛాయలు ముదురు చేశాను. ఫంక్షన్ ఫొటోలాయన ఆవిడ చుట్టాల కోసం తెల్లగా చేశాడు, నేను పోటీల జ్యూరీ కోసం నల్లగా చేశాను. ఇంకో నిజం కూడా చెప్పాలి: మా ఇంట్లో పెళ్ళికూతురి ఫొటోలో నేనే ముడతలు తీసి, మొహం వెలిగించాను. మనవాళ్ళ మొహాలు నున్నగా, పొలంలో వాళ్ళ మొహాలు గరుగ్గా. సరదా ఫొటోగ్రాఫర్ల డిస్కులు వెతికితే ఈ రెండు వరసలూ పక్కపక్కనే దొరుకుతాయి. ఎడిటింగు ముదిరింది, రుచి పెరిగింది అని చెప్పుకునేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆటపాక సంగతి ఇంకో రకం. కైకలూరు దగ్గర కొల్లేరు అంచున ఉన్న ఈ పక్షుల కేంద్రానికి గూడబాతులు, అంటే పెలికాన్లు, గుంపులుగా వస్తాయి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆటపాకలో చెట్లతో పాటు అటవీశాఖ నాటిన ఇనుప స్టాండ్ల మీద కూడా ఇవి గూళ్ళు కడతాయి. పొద్దున్నే పడవలో వెళ్ళి, ఐదు వందల మిల్లీమీటర్ల లెన్సు బిగించి చూస్తే తల్లి గొంతులో పిల్ల తల దూర్చి మేత తింటున్న దృశ్యం, దాని కింద అడ్డంగా తుప్పు పట్టిన ఇనుప కమ్మీ. నాకు తెలిసిన ఒకాయన, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఆ కమ్మీని క్లోన్ టూలుతో చెరిపి దాని చోట కొమ్మ దిద్దాడు. రెండు గంటల పని, ఎక్కడా అతుకు కనపడదు. ఫేస్‌బుక్ గ్రూపులో వందల లైకులు. అదే ఫైలు నేచర్ విభాగంలో పోటీకి పంపితే, ఒరిజినల్ అడిగారు, పక్కన పెట్టేశారు.

ఎందుకంటే అక్కడి చట్టం వేరు. అమెరికా ఫొటోగ్రఫిక్ సొసైటీ, అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్, బ్రిటన్ రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ మూడూ కలిసి 2014లో నేచర్ ఫొటోకి ఒకే నిర్వచనం రాసుకున్నాయి. అంచులు కత్తిరించుకోవచ్చు, దుమ్ము చుక్కలు తుడుచుకోవచ్చు, వెలుగు సర్దుకోవచ్చు. ఉన్నది తీసేయకూడదు, లేనిది పెట్టకూడదు. మనిషి చేసిన వస్తువు కనపడకూడదన్న నియమానికి మినహాయింపు కూడా అందులోనే ఉంది: మనిషి మార్చిన చోటుకి అలవాటుపడిన పక్షుల కథలో ఆ వస్తువు భాగమైతే ఉంచవచ్చు. ఉదాహరణగా గుడ్లగూబల పక్కన కొంగల పేరు కూడా రాశారు. అంటే ఆ ఇనుప కమ్మీని ఉన్నదున్నట్టు పంపి ఉంటే కనీసం పరిశీలనకి నిలిచేది. దాన్ని చెరిపి ఆయన పోగొట్టుకున్నది ఆటపాకనే. కమ్మీ లేని పెలికాన్ ఎక్కడి పెలికానైనా కావచ్చు. ఆ మాట ఆయనతో అంటే, “ఫేస్‌బుక్‌లో కమ్మీ ఉంటే ఒక్కడు లైకు కొడతాడా?” అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఇలాంటి తడబాటు పెద్దవాళ్ళకీ తప్పలేదు. 2016లో, మన పుష్కరాలకి కొద్ది నెలల ముందు, ఇటలీలో ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ ప్రదర్శనలో క్యూబా ఫొటో ఒకటి పెట్టారు. అందులో స్తంభం ముక్క అతకని చోట అతికి ఉండటం ఒకాయన కంట పడింది. అక్కడి నుంచి మెక్‌కరీ పాత బొమ్మల్లో మార్పులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తనను తాను దృశ్యకథకుడిగా చెప్పుకున్నాడు గానీ, పత్రికా ఫొటోగ్రాఫరుగా చూసినవాళ్ళు ఆ మాటకి సమాధానపడలేదు. ఒకే బొమ్మ, ఇద్దరు ప్రేక్షకులు, రెండు చట్టాలు.

2016 పుష్కరాలకి నా దగ్గర డీఎస్ఎల్‌ఆర్ ఉంది, జేబులో ఫోనుంది. పన్నెండు రోజుల్లో నాలుగు వేల పైచిలుకు ఫైళ్ళు. 1992లో 72. అయినా జనం చూసింది ఫోను బొమ్మలే, ఎందుకంటే అవి ఘాట్ దాటకముందే వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కాయి. కెమెరా కార్డు ఖాళీ చేసుకుని, ఎంచుకుని, దిద్దుకునేసరికి పుష్కరాలు అయిపోయాయి, అడిగేవాడు లేడు. ఆల్బమ్ కాలంలో ఫొటో సంఘటన తరవాత మాటకి ఆసరా. ఇప్పుడు ఫొటోయే ‘ఇదిగో ఉన్నాను’ అనే కబురు. కబురుకి ఎడిటింగ్ ఏముంటుంది, ఒక ఫిల్టరు నొక్కితే చాలు.

చోటు ఆకారం కూడా బొమ్మని కోస్తుంది. 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ 2015 ఆగస్టు దాకా చతురస్రం తప్ప ఒప్పుకోలేదు. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, 70 గేట్లు. దాన్ని చతురస్రంలో పెట్టమంటే ఎనిమిది గేట్లూ కాసింత ఆకాశమూ మిగులుతాయి. తరవాత నిలువు బొమ్మకి చోటిచ్చారు, 2020 జులైలో, టిక్‌టాక్ మీద నిషేధం పడిన పది రోజులకే, మన దేశంలో రీల్స్ వచ్చాయి, ఆ మరుసటి ఏడు ఇన్‌స్టాగ్రామ్ అధిపతే తమది ఇక ఫొటోలు పంచుకునే యాప్ కాదని చెప్పేశాడు. ఏరు అడ్డంగా పారుతుంది, ఫోను నిలువుగా నిలబడుతుంది. మా స్నేహితుల పదేళ్ళ ఫొటోల్లో కృష్ణ అంతకంతకూ సన్నబడి కాలువలా తయారవడం నేను చూశాను. 2024 జనవరిలో స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది. నిలువు ఫోనుకి ఊరు తనంత తానే ఒక నిలువు బొమ్మ ఇచ్చినట్టయింది. ఊళ్ళో ఇప్పుడు ఎక్కువగా తీసే ఫొటోల్లో అదొకటి కావడంలో భక్తి, గౌరవంతో పాటు ఫోను ఆకారానికీ కాస్త వాటా ఉంది.

అందరూ ఒకే బొమ్మ తీయడం కూడా ఈ దశ లక్షణమే. 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తే, రాత్రి పది గంటలకి నా ఫోన్లో ఎవరి స్టేటస్ తీసినా అదే. నాదీ అదే.

అంతకు ఏడు వారాల ముందు సంగతి మాత్రం వేరు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లని గుద్దాయి. ఆ వారం ఎవరూ స్లైడరు ముట్టలేదు. మేడ మీద నుంచి వణికే చేతితో తీసిన వంకర ఫొటోలు, “మా వీధి ఇది, పాల ప్యాకెట్లు పంపండి” అనే మాటతో. ఇన్నేళ్ళలో మా ఊరి ఫొటోలు ఇంత పనికొచ్చిన వారం నాకు గుర్తులేదు. ఆ హడావుడిలోనే ఒక వాట్సాప్ గ్రూపులో నాకొక ఫొటో వచ్చింది: “బ్యారేజీ ఇప్పుడే, అందరికీ పంపండి” అని. చూస్తే 2009 అక్టోబరు వరదలో నేను తీసిందే. కుడి మూల పసుప్పచ్చ పేరు కత్తిరించేశారు. ఎవరెవరో దాచుకుని మళ్ళీ ఎక్కించగా ఎక్కించగా కుదించుకుపోయి, పాకుడు పట్టిన రాయిలా తయారైంది. కాషాయం మాత్రం వదల్లేదు. వరద రోజు మబ్బు ఆకాశానికి నేనే పూసిన కాషాయం అది, పదిహేనేళ్ళ తరవాత నిజమైన వరదకి సాక్ష్యంగా తిరుగుతోంది.

చూసేవాళ్ళే చేయి తిప్పుతారన్న నా వాదానికి లొంగని ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చందమామని తీశాడు. ఒకే నెగెటివ్ నుంచి నలభై ఏళ్ళలో 1,300కి పైగా ప్రింట్లు వేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో పలచటి మబ్బులు కనపడతాయి. చివరి వాటిల్లో ఆకాశం దాదాపు కాటుక. అడిగేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు, నిజమే. కానీ మొదటి ప్రింటు మెచ్చినవాళ్ళు కూడా ఉన్నారుగా. ఆయన మొదట పియానో నేర్చినవాడు. నెగెటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. కీర్తన ఒకటే, పాడినప్పుడల్లా సంగతులు మారతాయంటే మనకి తేలిగ్గా అర్థమవుతుంది. వివియన్ మయర్ ఇంకా మొండి ఉదాహరణ. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికి, లక్షకు పైగా నెగెటివ్‌లు వదిలి 2009లో పోయింది. బతికుండగా దాదాపు ఎవరికీ చూపించలేదు. ప్రేక్షకుడే లేనప్పుడు చేయి ఎవరి కోసం మారిందనాలి?

కంటి సంగతీ తోసిపుచ్చలేం. వయసుతో కంటిలో కటకం పసుపు తిరుగుతుంది. శుక్లాలతో చిత్రకారుడు మోనే రంగులు ఎరుపు, గోధుమ వైపు ఒరిగాయి, 1923 ఆపరేషన్ తరవాత మళ్ళీ నీలాలు వచ్చాయి. మా బృందంలో ఒకాయనకి ఆపరేషన్ అయ్యాక, కట్టు విప్పిన వారానికి ఫోను చేశాడు. “ఒరేయ్, నేను ఎనిమిదేళ్ళుగా అందరి మొహాలకీ నీలిమందు పూశాన్రా.” కంటికి పచ్చగా కనపడిందల్లా సర్దుతూ పోయాడు పాపం. మేమంతా దాన్ని ఆయన ‘శైలి’ అనుకున్నాం, ఒకరిద్దరు అనుకరించారు కూడా.

పరికరమూ ఇప్పుడు మన అనుమతి అడగడం మానేసింది. ఫోను నొక్కీ నొక్కకముందే నాలుగైదు బొమ్మలు కలిపి, నీడలు లేపి ఇస్తుంది. 2023లో శామ్‌సంగ్ ఫోన్ల చందమామ మీద గొడవ లేచింది: కావాలని మసకబార్చిన చందమామ బొమ్మని తెర మీద పెట్టి తీసినా ఫోను గుంటలూ మచ్చలూ చేర్చి ఇచ్చింది. ఆడమ్స్ చందమామకి నలభై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మావాళ్ళలో చాలామంది చిన్న గుంపుల్లోకి వెనక్కొచ్చారు. పదిహేను మంది వాట్సాప్ గ్రూపు, అందులోనూ “డాక్యుమెంటుగా పంపు, లేకపోతే నలిగిపోతుంది” అనే మర్యాద. ఒకరిద్దరు వికీమీడియా కామన్స్‌కి ఇస్తున్నారు. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా పదేళ్ళ పండగ విజయవాడలో జరిగినప్పుడు తగులుకున్న అలవాటు అది. అక్కడ లైకులుండవు. ఉండవల్లి గుహల స్తంభం వ్యాసంలోకెక్కాలంటే స్తంభం స్తంభంలా కనపడాలి, అంతే. కాషాయం పూస్తే ఇంకొకరు మామూలు బొమ్మ పెట్టి నీది తీసేస్తారు. అక్కడికి ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాదికి వాళ్ళ మిగతా ఫొటోల్లో కూడా రంగు దిగింది. చోటు ముందు, చేయి తరవాత అన్నదానికి నాకు దొరికిన తేటైన ఉదాహరణ ఇదే.

పంచుకోకపోవడం కూడా నేర్చుకుంటున్నారు. కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో బావురుపిల్లి కనపడిందనుకోండి, పదేళ్ళ కిందటైతే ఊరూ రేవూ రాసి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఫైలులోంచి జీపీఎస్ వివరం తీసేసి, ‘డెల్టాలో’ అని ఊరుకుంటున్నారు. బొమ్మ దిద్దడం కంటే దాని వెనక సమాచారం దిద్దడం మీద శ్రద్ధ పెరగడం ఈ పదేళ్ళలో నేను చూసిన మంచి మార్పు.

కొందరు ప్రింటు దగ్గరికి తిరిగొచ్చారు, నాతో సహా. మొన్నామధ్య పెద్దాయన బొమ్మ, తెల్ల ఆకాశంది, పన్నెండు పద్దెనిమిది సైజులో వేయిద్దామని పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళాను. కంప్యూటర్ ముందు కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, బొమ్మ పెద్దది చేసి చూశాడు. మౌసు మీద వేలు సిద్ధంగా ఉంది.

“ఆకాశం పోయింది సార్. నీలం వేసేదా? ఒక్క క్లిక్కే.”

“వద్దమ్మా, అట్టాగే వెయ్.”

“మబ్బులు కూడా ఉన్నాయి సార్, మంచివి.”

వద్దన్నాను. అతను సరేనని పేపరు పెట్టాడు. మిషను గుర్రుమంటూ ముందు ఆకాశాన్నే బయటికి తోసింది, అంటే ఏమీ లేని తెల్ల కాగితాన్ని. కుర్రాడు దానివంక ఒకసారి, నావంక ఒకసారి చూశాడు.